43 అంగుళాల 4కె టీవీ: పిక్సెళ్లు సరే, నలుపు ఏదీ?

డబ్బా మీద పెద్దక్షరాలతో ‘4కె’ అని ఉంటుంది. కాంట్రాస్ట్ (తెలుపుకీ నలుపుకీ వెలుతురులో తేడా) ఎంతో, వెలుతురు ఎన్ని నిట్సో (తెర వెలుతురుకి కొలత) మాత్రం వెతికినా కనపడదు. బడ్జెట్‌లో దొరికే 43 అంగుళాల టీవీల బండారమంతా ఆ రాయని అంకెల్లోనే ఉంది.

ముందు పిక్సెళ్ల లెక్క చూద్దాం. ఈ సైజు తెర వెడల్పు సుమారు 95 సెంటీమీటర్లు. ఫుల్ హెచ్‌డీ అయితే అడ్డంగా 1920 చుక్కలు, అంటే పిక్సెళ్లు, ఒక్కోటీ అర మిల్లీమీటరు. మామూలు చూపున్నవాళ్లకి ఆ చుక్కలు విడివిడిగా తెలిసేది అయిదున్నర అడుగుల లోపలే. మన హాళ్లలో సోఫా ఎనిమిది, తొమ్మిది అడుగుల దూరంలో ఉంటుంది. అక్కణ్నుంచి ఫుల్ హెచ్‌డీలోని 20 లక్షల పిక్సెళ్లైనా, 4కెలోని 83 లక్షలైనా కంటికి ఒకటే. పైగా ఎస్‌డీ (హెచ్‌డీ కాని మామూలు) ఛానెల్లో వచ్చేదే 576 గీతలు. నెట్‌ఫ్లిక్స్‌లో 4కె చూడాలంటే ప్రీమియం ప్లాన్ కట్టాలి, 15 ఎంబీపీఎస్ నెట్ కూడా ఉండాలి.

నలుపు సంగతి అలా కాదు, ఎంత దూరంలో కూర్చున్నా తెలిసిపోతుంది. ఈ టీవీల తెరలు (ప్యానెళ్లు) ఎక్కువగా రెండు రకాలు: ఐపీఎస్, వీఏ. ఐపీఎస్ ప్యానెల్ కాంట్రాస్ట్ 1000:1 దగ్గర ఆగుతుంది, వీఏ ప్యానెల్ 3000:1 పైన ఇస్తుంది. లైట్లు ఆపి రాత్రి సీను పెట్టండి. ఐపీఎస్‌లో నల్ల చొక్కా, వెనక గోడ, పైన ఆకాశం అన్నీ ఒకే బూడిదరంగు ముద్దలా కనిపిస్తాయి. వీఏలో చొక్కా మడతలు కూడా తెలుస్తాయి. కాకపోతే వీఏని పక్కనుంచి చూస్తే రంగులు వెలిసిపోతాయి. ఇంట్లో సగం మంది గోడవారగా కూర్చుని చూసేవాళ్లయితే ఐపీఎస్సే నయం. సోఫా ఎదురుగా ఉంటే మాత్రం వీఏనే తీసుకోండి.

హెచ్‌డీఆర్ (వెలుగునీ చీకటినీ ఇంకా ఎక్కువ తేడాతో చూపించే పద్ధతి) స్టిక్కర్‌ని పెద్దగా నమ్మక్కర్లేదు. హెచ్‌డీఆర్ సినిమాలు చాలావరకు 1000 నిట్స్ లెక్కలో తయారవుతాయి. ఈ టీవీల్లో ఎక్కువ భాగం 250, 300 దగ్గరే ఆగిపోతాయి, లోకల్ డిమ్మింగ్ (చీకటి ఉన్న చోట మాత్రమే వెనక లైటు తగ్గించడం) ఉండదు. సిగ్నల్ తీసుకుంటాయి గానీ చూపించలేవు. అందుకే హెచ్‌డీఆర్ వేయగానే బొమ్మ ఇంకా మసకబారిందని చాలామంది రిమోట్ మీద విసుక్కుంటారు. ప్యానెల్ 8 బిట్‌దైతే (అంటే రంగుల ఛాయలు తక్కువ చూపించేదైతే) సూర్యాస్తమయం ఆకాశంలో రంగు మెల్లగా మారదు, మెట్లుమెట్లుగా చారలు పడుతుంది.

షోరూమ్‌లో తెర వివిడ్ మోడ్‌లో, కంపెనీ వాళ్ల డెమో వీడియోతో మెరిసిపోతూ ఉంటుంది. దాన్ని సినిమా మోడ్‌కి మార్చమనండి. పెన్‌డ్రైవ్‌లో మూడు పట్టుకెళ్లండి: పూర్తి నల్ల బొమ్మ, పూర్తి బూడిదరంగు బొమ్మ, చీకటి సీనున్న క్లిప్పు. నల్ల బొమ్మలో మూలల దగ్గర వెలుగు కారుతోందేమో చూడాలి. బూడిదరంగులో మరకలుంటే క్రికెట్‌లో బయటపడతాయి: కెమెరా మైదానం మీద తిరుగుతుంటే గడ్డి కదులుతుంది, మరకలు కదలవు. చివరగా ఏదైనా తెలుగు న్యూస్ ఛానెల్ పెట్టించి కింద స్క్రోలింగ్ చదవండి. అక్షరాల వెనక తోక కనిపిస్తే ఆ ప్యానెల్ నెమ్మది. ఇంతకు మించిన పరీక్ష అక్కర్లేదు.

ఇంటికొచ్చాక షార్ప్‌నెస్ తగ్గించండి. అది కొన్ని సెట్లలో 0 దగ్గర, కొన్నింట్లో మధ్యలో సరిగ్గా ఉంటుంది. స్క్రోలింగ్ అక్షరాల చుట్టూ తెల్ల అంచు మాయమయ్యే చోట ఆపితే సరి. స్క్రోలింగ్ కిందివరస తెగిపోతుంటే అది ఓవర్‌స్కాన్, అంటే టీవీ బొమ్మని కాస్త పెద్దది చేసి అంచులు కోసేయడం. పిక్చర్ సైజులో ‘జస్ట్ స్కాన్’ లేదా ‘స్క్రీన్ ఫిట్’ పెట్టాలి. మోషన్ స్మూతింగ్ (కదలికని నున్నగా చేయడానికి టీవీ మధ్యలో అదనపు ఫ్రేములు కల్పించడం) ఆన్‌లో ఉంటే సినిమా కూడా టీవీ సీరియల్‌లా కనిపిస్తుంది. సినిమాలకి దాన్ని ఆపేయండి.

ఇన్ని చెప్పినా కొనేది 4కె సెట్టే అవుతుంది, ఎందుకంటే ఈ సైజులో కాస్త మంచి ప్యానెళ్లు ఇప్పుడు ఎక్కువగా వాటిలోనే వస్తున్నాయి. రెండు 4కె సెట్ల మధ్య తేల్చుకునేటప్పుడు మాత్రం నలుపు, వెలుతురు, కదలిక చూసి ఎంచుకోండి.

ఇదే తెరని బల్ల మీద పెట్టి కంప్యూటర్‌కి తగిలిస్తే కథ తిరగబడుతుంది. రెండడుగుల నుంచి తెలుగు చదవాలంటే పిక్సెళ్లు కావాల్సిందే. ‘రాష్ట్రం’ కింద ట వత్తు, ర వత్తు రెండూ ఇమడాలి. 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటర్‌లో అంగుళానికి 92 పిక్సెళ్లే కాబట్టి చిన్న అక్షరాల్లో ఆ రెండూ అతుక్కుపోతాయి. 43 అంగుళాల 4కెలో 102, అంటే అంతకన్నా పెద్ద తేడా ఏమీ లేదు. 27 అంగుళాల 4కె మానిటర్‌లో 163 ఉంటాయి, వత్తులు విడివిడిగా నిలబడతాయి. టీవీనే వాడతానంటే హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్ పేరుని ‘పీసీ’గా మార్చండి. లేదంటే చాలా సెట్లలో నల్ల తెర మీద ఎర్ర అక్షరాల అంచులు అలుక్కుపోయినట్టుంటాయి.