ఆటోనగర్ మేస్త్రీ, నా కారు బ్రేకులు

విజయవాడ ఆటోనగర్‌లో మా తోటి ఉపాధ్యాయుడు చెప్పిన చిన్న షెడ్డు ఇది. బయట బోర్డు కూడా సరిగా కనిపించదు. గత నెలలో నా పదేళ్ల కారుకు అక్కడ బ్రేకుల పని చేయించాను.

ముందు బాధ చెబుతాను. ఆరు నెలల కిందట వేరే చోట ముందు చక్రాలకు కొత్త బ్రేకు ప్యాడ్లు (చక్రంతో తిరిగే డిస్కును రెండు వైపులా ఒత్తి ఆపేవి) వేయించాను. వారం తిరగకముందే కీచుమనడం మొదలైంది. స్కూలు గేటు దగ్గర నెమ్మదిగా ఆపుతుంటే పిల్లలంతా తిరిగి చూసేవారు. దానికి తోడు పెడల్ చాలా లోతుకు దిగేది. అమ్మను తీసుకుని తిరుమల నుంచి మొదటి ఘాట్ రోడ్డులో దిగుతున్నప్పుడు సగం మలుపులయ్యేసరికి కాలి కింద స్పాంజి ఉన్నట్టు అనిపించింది. రెండో గేరులోకి మార్చి, పక్కన ఆపి, అరగంట చల్లారనిచ్చాను. ఆ రోజు పట్టుకున్న భయం ఇంటికి వచ్చాక కూడా వదల్లేదు.

రంధ్రాలున్న పెద్ద డిస్కులు వేయించుకుందామనే షెడ్డుకు వెళ్లాను. ఇరవై వేలు దాటినా ఫరవాలేదనుకున్నాను. మేస్త్రీ గారు ఆ మాట పక్కన పెట్టి చక్రం విప్పారు. ఎడమ వైపు లోపలి ప్యాడ్ మూడు మిల్లీమీటర్లే మిగిలింది, బయటిది ఏడు ఉంది. ప్యాడ్లను డిస్కుకు ఒత్తే క్యాలిపర్ జారాల్సిన పిన్నును చేత్తో లాగితే రాలేదు. వైస్‌లో బిగించి తిప్పితే వచ్చింది. దాని మీద పాత గ్రీజు ముదురు పాకంలా నల్లగా గట్టిపడి ఉంది.

"మాస్టారూ, ఈ పిన్ను కదలకపోతే ఎంత ఖరీదైన ప్యాడ్లు వేసినా ఇదే గోల" అన్నారు. పాత ప్యాడ్ల వెనక ఉండాల్సిన పల్చటి రేకులు, అంటే షిమ్ములు, అసలు లేవని కూడా చూపించారు. డిస్కు మీద ప్యాడ్ సన్నగా కంపిస్తేనే ఆ కీచు పుడుతుంది. షిమ్ము ఆ కంపనాన్ని అణుస్తుంది.

పిన్నులు శుభ్రం చేసి, వేడికి తట్టుకునే సిలికాన్ గ్రీజు పూసి, కొత్త రబ్బరు తొడుగులు వేశారు. డిస్కు మందం కొలిచి, అంచు మీద చెక్కి ఉన్న కనిష్ఠ కొలత కంటే ఎక్కువే ఉందని నాకు చూపించాకే పైభాగం సాపు చేయించడానికి లేత్‌కు పంపారు. పెడల్ లోతుకు దిగడానికి మాత్రం ఒక కారణం వెనక చక్రాల్లో ఉంది. అక్కడి బ్రేకు డ్రమ్ముకూ, దాన్ని లోపలి నుంచి ఒత్తి ఆపే షూలకూ ఎడం పెరిగిపోయింది, దాన్ని సరిచేశారు.

తర్వాత బ్రేకు ఆయిల్. పాతది టీ డికాక్షన్ రంగులో ఉంది. ఈ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 రకం ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ చేరితే ఆ హద్దు 155కు పడిపోవచ్చు. మరిగితే ఆవిరి పుడుతుంది. ఆవిరి నలుగుతుంది కాబట్టి పెడల్ మెత్తబడుతుంది. ఘాట్‌లో నాకు జరిగింది ఇదే. కుర్రవాడు లోపల కూర్చున్నాడు, మేస్త్రీ గారు చక్రం దగ్గర "నొక్కు, పట్టుకో, ఇక వదులు" అంటూ నాలుగు చక్రాల బ్రేకుల్లోంచీ ఆయిల్‌లో చిక్కిన గాలి తీశారు. పారదర్శకమైన గొట్టంలో బుడగలు ఆగిపోయి, తేనె రంగు ఆయిల్ వచ్చేదాకా వదల్లేదు.

మొత్తం బిల్లు 4,550 రూపాయలు. అందులో ప్యాడ్లే 1,900.

మర్నాడు తెల్లవారుజామున గన్నవరం వైపు ఖాళీ రోడ్డు మీద, ఆయన చెప్పినట్టే, కొత్త ప్యాడ్లు డిస్కుకు కుదురుకోవడానికి 60 నుంచి 20 వేగానికి పదిసార్లు తగ్గించాను, పూర్తిగా ఆపకుండా. ఆ తర్వాత కీచు మళ్లీ వినలేదు. వాన పడిన రాత్రి మర్నాడు మొదటి నొక్కుకు డిస్కు మీది తుప్పు గీసుకున్న చప్పుడు వస్తుంది, రెండోసారికి పోతుంది. పెడల్ ఇప్పుడు పైనే పట్టుకుంటుంది, ఎంత నొక్కితే అంత ఆగుతుంది.

లోపాలూ ఉన్నాయి. కూర్చోవడానికి చోటు లేదు, పొద్దున్న ఇచ్చిన కారు సాయంత్రం ఏడింటికి గానీ చేతికి రాలేదు, బిల్లు చేత్తో రాసిచ్చారు. అయినా పాత విడిభాగాలన్నీ సంచిలో కట్టి డిక్కీలో పెట్టారు. ఆయిల్ సీసా మూత మీద మార్చిన తేదీ రాసి, రెండేళ్లకు మళ్లీ రమ్మన్నారు. వెళ్లేవారు తొమ్మిదికల్లా వెళ్లండి, పదయితే షెడ్డు ముందు నాలుగు కార్లుంటాయి.