పరారుణ థర్మామీటరు: గబ్బిలాల దగ్గర దాని పనితనం

నెల్లూరు ట్రంకు రోడ్డులో కొన్న ఈ తుపాకీ ఆకారపు, తాకకుండా దూరం నుంచే వేడిని కొలిచే థర్మామీటరును జనవరి తెల్లవారుజామున, ఉదయగిరి దగ్గర మా ఊరి పాత మండపంలో వేలాడే చిన్న గబ్బిలాల వైపు గురిపెట్టి చూశాను. రాతి కప్పు 19 డిగ్రీలు చూపగా, కదలక మెదలక ఉన్న గబ్బిలం 21 చూపింది; ఎగిరేటప్పుడు దాని ఒళ్ళు సుమారు 40 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. పురుగులు దొరకని వేళ ఒంటి వేడిని, గుండె వేగాన్ని తగ్గించుకొని శక్తిని ఆదా చేసే ఈ స్థితి జడావస్థ. చలిదేశాల్లో శీతకాలమంతా రోజులు, వారాల విడతలుగా సాగితే అదే శీతనిద్ర. ఒకప్పుడు శాస్త్రజ్ఞులు దీనిని ఆదిమ జీవుల లోపంగా ఎంచారు గానీ, ఇప్పుడు పరిణామంలో రూపుదిద్దుకొన్న పొదుపుగానే చూస్తున్నారు.

అయితే ఆ 21ని నేను పూర్తిగా నమ్మను. దీని దూర నిష్పత్తి, అంటే దూరానికీ కొలిచే వలయం వెడల్పుకూ ఉన్న నిష్పత్తి, 12:1 కాబట్టి మీటరు దూరం నుంచి సుమారు 8 సెంటీమీటర్ల వెడల్పు వలయంలోని వేడినంతా కలిపి సగటు చూపుతుంది. బొటనవేలంత ప్రాణితో పాటు రాయినీ కొలుస్తుందన్నమాట. పైగా తెలిసేది బొచ్చు వేడే, లోపలిది కాదు. ఈ సంగతి దుకాణంలో ఎవరూ చెప్పలేదు. గురి చూపే లేజరు చుక్కను ఆపే మీట ఉండటం మాత్రం మెచ్చుకోదగినది, చుక్కను ఆపేస్తే నిద్రలో ఉన్నవి దానికి బెదరవు. పెనానికి, బోరు మోటారుకు ఇది చక్కగా పనికివస్తుంది.