గంట కొట్టని బడి: అయిదుకు నాలుగు చుక్కలు

ముప్పయ్యొక్క ఏళ్లు ఆర్టీసీలో కండక్టరుగా చేశాను. ఎవరికి సీటు కావాలో, ఎవరిని పలకరించకుండా వదిలేయాలో మొహం చూసి పట్టేయడం అలవాటైంది. మనవడికి బడి వెతికినప్పుడూ ఆ కళ్లతోనే వెతికాను.

వాడికి నాలుగున్నరేళ్లు. ఆటిజం ఉంది. మాటలు ఓ ఇరవై వచ్చు, అందులో నాలుగు బస్సు నంబర్లే! సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో, బుద్ధి ఎదుగుదలలో ఇబ్బంది ఉన్నవారి కోసం నడిచే జాతీయ సంస్థలో, ఆరేళ్లలోపు పిల్లల కోసం 2021లో మొదలైన కేంద్రంలో చూపించాం.

తర్వాత బళ్లు తిరిగాం. ఒకచోట, వాడి పక్కన కూర్చునే మనిషిని మా ఖర్చుతో మమ్మల్నే పెట్టుకోమన్నారు. ఇంకోచోట ఖాళీ లేదన్నారు. గేటుకు ‘ప్రవేశాలు జరుగుచున్నవి’ బోర్డు వేలాడుతూనే ఉంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో ఉచిత చదువు హక్కు ఆరేళ్ల నుంచి పద్దెనిమిదేళ్ల వరకని రాసి ఉంది. నాలుగున్నరేళ్లవాణ్ణి చంకనేసుకుని తిరిగే తాతకు ఆ లెక్క ఏం పనికొస్తుంది?

చివరికి వాణ్ణి చేర్చిన ఈ బడిలో మొదటి రోజు ఇనుప గంట మోగగానే వాడు చెవులు మూసుకుని బల్ల కింద దూరాడు. మూడో రోజు టీచరమ్మ నన్ను పిలిచి, ‘వాడికి ఏ చప్పుడు ఇష్టమండీ?’ అని అడిగింది. అలా అడిగినవాళ్లు అంతకుముందు ఎవరూ లేరు. నా పాత టికెట్ల రేకు పెట్టె మీద వేలితో తడితే నవ్వుతాడని చెప్పాను. పెట్టె తెచ్చి ఇవ్వమంది. ఇప్పుడు బడి మొత్తానికి ఆ పెట్టే గంట. తట్టే వంతు కోసం మిగతా పిల్లలు కొట్టుకుంటున్నారు.

గోడకు వరసగా ఫోటోలు అంటించారు: చెప్పులు విప్పడం, చేతులు కడుక్కోవడం, పాట, తిండి, ఇల్లు. ఒక పని అయ్యాక వాడే ఆ ఫోటో తీసి సంచిలో వేస్తాడు. చివర ‘ఇల్లు’ కనబడుతుంటే ఏడవడు. తన స్టాపు ఎప్పుడొస్తుందో తెలిసిన ప్రయాణికుడు గొడవ చేయడు కదా. ఫీజు కూడా అందరికీ ఒకటే.

చుక్క ఎందుకు తగ్గించానంటే, ముందు ద్వారానికి వాలుదారి కట్టారు గానీ మరుగుదొడ్డి ముందు జానెడు గడప వదిలేశారు. కాళ్లకు పట్టీలు వేసుకుని నడిచే పాప ఒకతి ఉంది. ప్రతిసారీ ఆయమ్మ ఎత్తి దాటించాల్సిందే. ఎత్తుకుంటే ఆ పిల్లకు ఒళ్లు మంట, చేతులు విదిలించుకుంటుంది. రెండుసార్లు చెప్పాను. ఇంటి యజమాని ఒప్పుకోవాలన్నారు, సంక్రాంతి సెలవుల్లో తీయిస్తామన్నారు.

తీయించిన రోజు వచ్చి అయిదో చుక్క వేస్తాను.