ఆ నల్లమూత నొప్పుల డబ్బా కొనకండి, కొన్నవాళ్లు మాత్రలు పెంచకండి

ఏ డబ్బానో చెప్పక్కర్లేదు, ఒళ్లు నొప్పుల వీడియో ఏది తెరిచినా ముందు దాని ప్రకటనే. ముందువైపు పెద్దక్షరాల్లో "మెగ్నీషియం గ్లైసినేట్ 500 మి.గ్రా.". వెనక చీమ తలకాయంత అక్షరాల్లో అసలు లెక్క: మాత్రకి మెగ్నీషియం 70 మి.గ్రా. గ్లైసినేట్‌లో మెగ్నీషియం నూటికి 14 పాళ్లే, మిగతాది గ్లైసిన్ అనే అమైనో ఆమ్లం. డబ్బా తిప్పి చూడకుండా కొనడం నా తప్పే, ఒప్పుకుంటాను.

ఒళ్లు మండింది దానికి కాదు. వాపసు తీసుకోమంటే కస్టమర్ కేర్‌లో చెప్పిన జవాబుకి: "సీలు తీశారు కదండీ, తీసుకోం. డోసు చాలదనుకుంటే రోజుకి మూడు వేసుకోండి."

మూడు! అదే మాత్రలో విటమిన్ బి6 కూడా 50 మి.గ్రా. ఉంది. మూడంటే 150. పెద్దవాళ్లకి రోజుకి గరిష్ఠ పరిమితి అమెరికాలో 100, యూరప్‌లో 2023 నుంచి 12 మాత్రమే. బి6 నెలల తరబడి ఎక్కువైతే దెబ్బతినేది నరాలే. అరికాళ్ల మంటలు, తిమ్మిర్లు, నడుస్తుంటే తూలడం. ఫైబ్రోమయాల్జియా (నెలల తరబడి ఒళ్లంతా నొప్పులు, అలసట ఉండే జబ్బు) ఉన్నవాళ్లకి ఇవి మొదలైతే మాత్ర మీద అనుమానం రాదు. జబ్బు ముదిరిందనుకుని ఇంకోటి వేసుకుంటారు. ఆ సలహా ఎంత ప్రమాదమో ఇప్పుడు చెప్పండి. పైగా డాక్టర్లు రాసే నరాల బిళ్లల్లో చాలావాటిలో మిథైల్‌కోబాలమిన్‌ (బి12లో ఒక రకం)తో పాటు బి6 కూడా ఉంటుంది, అదీ కలుపుకుని లెక్కేయాలి. ఇప్పటికే మూడేసి వేసుకుంటూ కాళ్లు మండుతున్నవాళ్లు ఆపేసి, డబ్బా పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి.

ఈ డబ్బా ఫైబ్రోమయాల్జియాని తగ్గిస్తుందన్నది కూడా అబద్ధం. ఒళ్లు నొప్పులకి వేరే కారణమూ ఉండొచ్చు: విటమిన్ డి బాగా తక్కువైతే ఎముకలు మెత్తబడి ఒళ్లంతా నొప్పులొస్తాయి, అది పూడిస్తే ఆ నొప్పి తగ్గుతుంది, అంతవరకే. ముందు 25 హైడ్రాక్సీ విటమిన్ డి, బి12 పరీక్షలు చేయించుకోండి. డి తక్కువని తేలితే విటమిన్ డి3 60,000 యూనిట్ల సాచెట్ వారానికి ఒకటి, డాక్టరు చెప్పినన్ని వారాలే. రోజూ తాగితే రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, విపరీతమైన దాహం, కిడ్నీలకి దెబ్బ.

కిడ్నీ జబ్బు ఉంటే డాక్టర్ని అడగకుండా మెగ్నీషియం ముట్టుకోవద్దు. థైరాయిడ్ మాత్రకీ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి.

సీలు తీయకముందే వెనకవైపు ఫోటో తీసి పెట్టుకోండి. ఫిర్యాదుకి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.