కొత్త ముక్కు కోసం హైదరాబాద్‌లో పన్నెండు రోజులు

నా ముక్కు మీద బుడిపె నాన్నమ్మ ఇచ్చిన ఆస్తి. దానికి తోడు లోపల దూలం వంకర, ఎడమవైపు గాలి సరిగా ఆడదు. ముప్ఫయ్యేళ్లు దాటాక రెండూ ఒకేసారి సరిచేయించుకుందామని రాజమండ్రి నుంచి హైదరాబాద్ వెళ్లి పన్నెండు రోజులు ఉండి వచ్చాను. తోడు అమ్మ. వచ్చాక అందరూ ఆపరేషన్ ఎలా జరిగిందనే అడిగారు. నాకేం తెలుసు, మత్తులో ఉన్నాను. నాకు బాగా తెలిసింది ఆ తర్వాతి రోజులే.

మొదట చూపించుకున్న క్లినిక్ జూబ్లీహిల్స్‌లో. హాలు పెళ్లి మండపంలా ఉంది. డాక్టర్ కంటే ముందు కౌన్సిలర్ అంటూ ఒకమ్మాయి వచ్చి, నా ఫొటో కంప్యూటర్‌లో పెట్టి ముక్కు చెక్కేసి చూపించింది. "ఈరోజే అడ్వాన్స్ కడితే పాతికవేలు తగ్గిస్తాం మేడమ్" అంది. చీరలకైతే సరే, ముక్కుకి కూడా ఆషాఢం సేలా? డాక్టర్ పది నిమిషాలు మాట్లాడారు గానీ ముక్కు లోపలికి లైటు వేసి చూడనేలేదు.

రెండోది చిన్న ఆస్పత్రి. ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ అనే పై డిగ్రీ చేసిన డాక్టరమ్మ లోపలా బయటా చూసి, ముక్కు మొన నొక్కి, "మీ చర్మం మందం. మీరు ఫోన్లో చూపించిన ముక్కు రాదు. బుడిపె పోతుంది, మొన కొంచెం తగ్గుతుంది. వాపు పూర్తిగా దిగడానికి ఏడాది పట్టొచ్చు. కొందరికి రెండోసారి కూడా చెయ్యాల్సి వస్తుంది" అన్నారు. అమ్మ మొహం వాడిపోయింది. నాకు మాత్రం ఆ మాటలతోనే నమ్మకం కుదిరింది.

ఖర్చు సంగతి ముందే తేల్చుకోండి. అందం కోసం చేసే సర్జరీకి 18 శాతం జీఎస్టీ పడుతుంది, ఇన్సూరెన్స్ రాదు. దూలం సరిచేసే భాగానికి మాత్రం పాలసీని బట్టి అడగొచ్చు. అందుకే బిల్లు రెండు భాగాలుగా రాయించుకున్నాను.

బస విషయంలో మొదట తప్పు చేశాను. డబ్బు కలిసొస్తుందని అమీర్‌పేటలో ఒక లాడ్జి బుక్ చేస్తే, లిఫ్ట్ పాడైంది, గది మూడో అంతస్తు, పక్కన ఏదో కట్టడం, కిటికీ తీస్తే సిమెంటు దుమ్ము. ముక్కుతో గాలి పీల్చలేని మనిషికి అది నరకం. ఆపరేషన్‌కి ముందురోజే ఖాళీ చేసేశాం. కూకట్‌పల్లిలో పిన్ని రమ్మంది గానీ, వచ్చేపోయే చుట్టాలందరికీ నల్లబడ్డ కళ్లు చూపించే ఓపిక లేక శ్రీనగర్ కాలనీలో వంటగది ఉన్న సర్వీస్ అపార్ట్‌మెంట్ తీసుకున్నాం. రోజుకి లాడ్జి కంటే రెట్టింపు. అయినా ఆ డబ్బుకి ఇప్పటికీ బాధలేదు. నాలుగు దిండ్లు, వెనక్కి వాలే కుర్చీ, అమ్మ చేతి రాగిజావ, మెత్తటి పెరుగన్నం దొరికాయి. ఆస్పత్రి వాళ్లు కారు, గది కలిపి ఇస్తామన్న ప్యాకేజీ వద్దనుకున్నాం. ఆటోలో పావుగంట దూరం, దానికంత డబ్బెందుకు?

రెండు వారాల ముందే ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ లాంటివి ఆపమన్నారు. అవి వాడితే రక్తం కారే గుణం పెరుగుతుందట. ఆపరేషన్ పొద్దున, జనరల్ అనస్థీషియాతో. మెలకువ వచ్చేసరికి ముక్కు మీద గట్టి పట్టీ, లోపల సిలికాన్ బద్దలు, నోరు ఎండిన చెరువు. నొప్పి అనుకున్నంత లేదు. ఊపిరే ఆడదు. రాత్రంతా నోటితో పీల్చుకుంటూ తల ఎత్తిపెట్టి పడుకోవాలి. మూడో రోజుకి కళ్ల కింద ఊదారంగు. తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి, చీదకూడదు, వంగి బరువెత్తకూడదు. రాత్రి పదింటికి పట్టీ కింద కాస్త రక్తం చెమ్మ కనిపిస్తే టెన్షన్ పడి ఫోన్ చేశాం. డ్యూటీ నర్సు వెంటనే ఫొటో పంపమని చూసి, "దూది మార్చండి, ఎర్రగా ధారగా వస్తే మాత్రం బయల్దేరి వచ్చేయండి" అంది. పెళ్లి మండపం లాంటి హాలు కంటే ఆ ఫోన్ ఎత్తే మనిషి నాకు ఎక్కువ.

ఏడో రోజు పట్టీ తీశారు. లోపలి బద్దలు లాగుతుంటే మెదడులోంచి స్కేలు బయటికి వస్తున్నట్టుంది, రెండు సెకన్లే. వెంటనే ఎడమవైపు చల్లటి గాలి! చిన్నప్పటినుంచి అంత గాలి ఎరగను. ఆ సంతోషంలో అద్దం చూశాను. మొన ఉబ్బి పైకి లేచింది, ముక్కు వెడల్పుగా, జిడ్డుగా ఉంది. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. ఆటోలో మాత్రం, "బుడిపే బాగుండేదేమోనే" అంది. ఆరోజు ఇద్దరం ఏడ్చాం. మొదటి నెలలో అద్దం ఎంత తక్కువ చూస్తే అంత మంచిది.

తిరుగు ప్రయాణానికి వందేభారత్ కుర్చీ సీటు తీసుకున్నాం. వెళ్లేటప్పుడు గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో హాయిగా పడుకున్నా, వచ్చేటప్పుడు చదునుగా పడుకునే బెర్తు కంటే కూర్చునే సీటే నయం. ఏసీకి ముక్కు ఎండిపోకుండా సెలైన్ స్ప్రే చేతిలోనే ఉంచుకున్నాను. టీటీఈ ఆధార్ ఫొటోనూ టేపు వేసిన నా మొహాన్నీ రెండుసార్లు చూసి, "ఏక్సిడెంటామ్మా?" అని జాలిపడ్డాడు. అవునన్నాను.

కళ్లజోడు ముక్కు మీద ఆననివ్వకుండా ఆరు వారాలు నుదుటికి టేపుతో అతికించుకుని ఆఫీసు పని చేశాను. ఇప్పుడు ఆరో నెల. పొద్దున లేచేసరికి మొన ఇంకా కాస్త ఉబ్బే ఉంటుంది, సాయంత్రానికి దిగుతుంది. ఆపరేషన్‌కి తీసిన ముక్కుపుడక అమ్మ కుంకుమ భరిణెలోనే ఉంది. రంధ్రం పూడిపోయింది. మళ్లీ ఎప్పుడు కుట్టించాలో వచ్చే నెల చెకప్‌లో అడగమని అమ్మ ఇప్పటికి నాలుగుసార్లు గుర్తుచేసింది.