బాపు పాటల పెట్టె: రెండేళ్లు వాడాక

మా బాపుకు 71 ఏళ్లు. వరంగల్ కొత్తవాడలో నలభై ఏళ్లు జంపఖానాలు నేశాడు. మగ్గం మీద కూర్చున్నంతసేపూ పక్కన రేడియో మోగాల్సిందే. శనివారం భజనలో తాళాలు ఆయన చేతిలోనే ఉండాలి. రెండేళ్ల కింద గొంతు క్యాన్సర్ అని తేలింది. హైదరాబాద్‌లో వైద్యం మొదలయ్యే నాలుగు రోజుల ముందు, పాత సినిమా పాటలు ముందే నింపి అమ్మే రేడియో పెట్టె ఒకటి కొన్నాను. ఆరున్నర వేలు. అప్పటి మా ఖర్చుల్లో అది పెద్ద మొత్తమే. అప్పటి నుంచి రోజూ వాడుతున్నాం కాబట్టి, ఇంట్లో ఇలాంటి పెద్దవాళ్లున్నవారి కోసం మంచీ చెడూ రాస్తున్నాను.

దీంట్లో నాకు అన్నిటికన్నా నచ్చింది ముందువైపు ఉన్న పెద్ద నాబ్. బాపుకు వారానికోసారి సిస్‌ప్లాటిన్ అనే మందుతో కీమో, సోమవారం నుంచి శుక్రవారం దాకా రేడియేషన్. మొత్తం 35 సిట్టింగులు, ఏడు వారాలు. ఆ కీమో మందు నరాలను దెబ్బతీయొచ్చు. చివరికొచ్చేసరికి ఆయన వేళ్ల కొసలు మొద్దుబారాయి. ముట్టుకుని నూలు ఎంత లావో చెప్పిన వేళ్లు అవి. ఫోన్‌లో పాట మార్చాలంటే తెర మీద వేలు ఎక్కడ పడిందో తెలిసేది కాదు. నాబ్ మాత్రం అరచేత్తోనైనా తిప్పుకునేవాడు. సూది నర్సు వేస్తుంది, ముక్కు గొట్టంలో జావ నేను పోస్తాను, బట్టలు తమ్ముడు మారుస్తాడు. ఏ పాట రావాలో ఒక్కటి ఆయన ఇష్టం. ఆ ఒక్కదాని కోసమే ఆరున్నర వేలూ పెట్టొచ్చు అంటాను.

రేడియేషన్ గదిలోకి పెట్టెను తీసుకెళ్లలేం. అక్కడ ముఖం అచ్చుతో చేసిన ప్లాస్టిక్ మాస్క్ వేసి, తల కదలకుండా బల్లకు బిగిస్తారు. మొదటి రోజు బాపు ఊపిరాడనట్టు కంగారుపడ్డాడు. మర్నాడు బయట కూర్చున్నప్పుడు ఘంటసాల పాటలు చిన్నగా పెట్టి, "లోపల గిట్లాంటివి మూడు మనసుల పాడుకో బాపూ, అయిపోతది" అన్నాను. పాత గ్రామఫోన్ రికార్డు ఒక వైపు సుమారు మూడు నిమిషాల పాటే పట్టేది. అందుకే ఆ కాలం పాటలు చాలావరకు ఒకే కొలతలో ఉంటాయి. మగ్గం మీద కూడా బాపు పాటలతోనే పొద్దు లెక్కపెట్టేవాడు. ఆ తర్వాత రోజూ బయటికి రాగానే "ఇయ్యాల మూడున్నర పట్టింది" అని లెక్క చెప్పేవాడు. మాట పూర్తిగా పోయాక వేళ్లతో చూపించేవాడు.

అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి చెవుల గురించి. నాలుగో కీమో అయ్యాక బాపు పెట్టె చెడిపోయిందన్నాడు. "తాళాలు ఇనవడ్తలేవు బిడ్డా, మద్దెల ఒక్కటే ఇనవడ్తాంది." నాకు రెండూ బాగానే వినిపిస్తున్నాయి. చెవిలో గుయ్యిమంటోందని కూడా అన్నాడు. మర్నాడే డాక్టర్‌కు చెప్పాం. సిస్‌ప్లాటిన్ వల్ల వినికిడి దెబ్బతినొచ్చని, ముందుగా పోయేది సన్నటి, హెచ్చు శ్రుతి శబ్దాలేనని చెప్పి, వినికిడి పరీక్ష చేయించి, మిగిలిన డోసులకు మందు మార్చారు. పోయిన వినికిడి మామూలుగా తిరిగి రాదు. తాళాలు వేసే మనిషి కాబట్టి తేడా అంత తొందరగా పట్టుకున్నాడు. మీ ఇంట్లో ఆ మందు ఎక్కుతుంటే, పాటలో ఏదైనా తగ్గిందా అని మీరే అడగండి. సౌండ్ పెంచమంటే పెంచి ఊరుకోకండి, డాక్టర్‌కు చెప్పండి. ఇయర్‌ఫోన్లు మేం అసలే పెట్టలేదు. వార్డులో పక్క మంచం ఆయనకు నిద్ర పట్టక అడిగితే వెంటనే పాటలు ఆపేశాం.

పాట మందు కాదు. వాంతులు దానివల్ల తగ్గలేదు, నోటిపూత మంట తగ్గలేదు. కీమో అయిన రెండో రోజు పెట్టె చూస్తేనే చేత్తో వద్దనేవాడు. మొదట్లో నేను, ఇష్టమైన పాట వింటే నయంగా ఉంటుందని బలవంతంగా పెట్టేదాన్ని. అది తప్పు. ఆ రోజుల్లో ఫ్యాన్ చప్పుడు కూడా ఆయనకు ఎక్కువే.

ఇక లోపాలు. నింపిన పాటలన్నీ సినిమావే. మా దిక్కు మల్లన్న భజనలు, ఒగ్గు కథ ఒక్కటీ లేవు. అవి పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి పెట్టాను. కానీ పేర్లు చూపే తెర లేదు, వరుస కూడా దాని ఇష్టం. ఒక్కో పాట పేరు ముందు 001, 002 అని అంకెలు వేసి, మళ్లీ ఆ వరుసలోనే కాపీ చేస్తే గానీ కుదరలేదు. బ్యాటరీ మొదట్లో నాలుగు గంటలు వచ్చేది, ఏడాది దాటాక గంటన్నర. కాజీపేటలో రైలెక్కి భువనగిరి వచ్చేసరికి ఆగిపోయేది. ఛార్జింగ్ పిన్ వదులైంది. సర్వీస్ కోసం కంపెనీకి మూడుసార్లు ఫోన్ చేశాను, వస్తామన్నారు, రాలేదు. రిమోట్ బటన్లు బియ్యం గింజలంత ఉంటాయి, మొద్దుబారిన వేళ్లకు పనికిరాదు. కొనేముందు పెద్దవాళ్ల చేతికే ఇచ్చి తిప్పించి చూడండి.

ఇప్పుడు బాపు గొంతు బొంగురుగానైనా పలుకుతోంది. నోరు ఎండిపోతుంది కాబట్టి పెట్టె పక్కనే నీళ్ల చెంబు. మొన్న కొత్త మోడల్ కొంటానంటే వద్దన్నాడు. "గిది ఏడ తిప్పాల్నో నా చేతికి ఎరుకే." చౌరస్తా దగ్గర రిపేరు షాపులో 350 ఇచ్చి పిన్ మార్పించాను. బ్యాటరీ వచ్చే వారం వేస్తానన్నాడు.