రేషన్ సన్న బియ్యం బాగున్నాయి, కొనే పద్ధతి ఇంకా మారాలి

తెలంగాణ రేషన్ షాపుల్లో 2025 ఏప్రిల్ నుంచి దొడ్డు బియ్యం పోయి సన్న బియ్యం వచ్చాయి. అంతకు రెండు రోజుల ముందు, ఉగాది నాడు హుజూర్‌నగర్‌లో పథకాన్ని మొదలుపెట్టారు. మనిషికి నెలకు 6 కిలోలు, నిరుపేదలకిచ్చే అంత్యోదయ కార్డుకు 35 కిలోలు, అన్నీ ఉచితమే.

ముందుగా మంచి మాట. ఈ బియ్యాన్ని జనం వండుకుని తింటున్నారు. దొడ్డు బియ్యం ఇచ్చిన రోజుల్లో చాలా ఇళ్లలో వాటిని దళారికి కిలోల లెక్కన అమ్మేసి, సన్నాలు కొనుక్కునేవాళ్లు. ఆ దొడ్డు బియ్యమే మిల్లుకు చేరి, కస్టమ్ మిల్లింగ్ బియ్యం (సర్కారు వడ్లను మిల్లరు ఆడించి తిరిగిచ్చేవి) పేరుతో మళ్లీ సర్కారు గోదాముకు రావడం తనిఖీల్లో ఎన్నోసార్లు బయటపడింది. నీళ్లు, కరెంటు, యూరియా పోసి పండించిన గింజ ఎవరి కంచంలోనూ పడకుండా లారీల్లో తిరగడాన్ని మించిన దుబారా లేదు. తినే బియ్యం కొనడమే పర్యావరణానికి సర్కారు చేయగల మొదటి మేలు. ఆ మెట్టు ఎక్కినట్టే.

ఇక కొనుగోలు కేంద్రం సంగతి. సన్న వడ్లంటే నోటిమాట కాదు, కొలత ఉంది. పొట్టు తీసిన గింజ పొడవు 6 మిల్లీమీటర్లు, వెడల్పు 2 మిల్లీమీటర్లు దాటకూడదు. పొడవును వెడల్పుతో భాగిస్తే 2.5 కన్నా ఎక్కువ రావాలి. సన్నాలుగా 33 రకాలను గుర్తించారు. బీపీటీ 5204, ఆర్‌ఎన్‌ఆర్ 15048, హెచ్‌ఎంటీ సోనా, జై శ్రీరామ్ అందులోవే. తేమ 17 శాతంలోపు ఉండాలి. హార్వెస్టర్‌తో కోసిన వడ్లలో తేమ అంతకన్నా బాగా ఎక్కువే ఉంటుంది కాబట్టి పరదాల మీద ఆరబోయక తప్పదు. ఇక్కడే సన్నాలకు దెబ్బ తగిలేది. ఎర్రటి ఎండలో పలుచగా పోసి తిప్పకుండా వదిలేస్తే పైన ఎండి లోపల పచ్చిగా ఉన్న గింజకు పగుళ్లు పడతాయి. మిల్లులో అది రెండు ముక్కలవుతుంది. రెండు నుంచి నాలుగు సెంటీమీటర్ల మందంతో పోసి, గంటకోసారి తిప్పి, సాయంత్రం కప్పాలి. యాసంగి పంటకైతే ఏప్రిల్, మే ఎండలకు చేను మీదే గింజకు పగులు పడుతుంది. యాసంగి వడ్లను ఎక్కువగా ఉప్పుడు బియ్యంగా మార్చేది అందుకే. వానాకాలం సన్నాలను పచ్చి బియ్యానికి, అంటే ఉడకబెట్టకుండా ఆడించే బియ్యానికి, పక్కన పెట్టుకుని, వాటితోనే ఏడాది గడిచేలా నిల్వ చేసుకోవడం సరైన పద్ధతి.

డబ్బు లెక్క చూద్దాం. 2025-26లో ఏ గ్రేడు వడ్ల మద్దతు ధర క్వింటాలుకు 2,389 రూపాయలు. సన్నాలకు రాష్ట్రం ఇచ్చే బోనస్ 500 కలిపితే 2,889. క్వింటాలు వడ్లకు మిల్లరు అప్పగించాల్సిన పచ్చి బియ్యం 67 కిలోలు. అంటే మిల్లింగు, రవాణా, సంచులు కలపకముందే కిలో బియ్యానికి వడ్ల ఖర్చు 43 రూపాయలు. అందులో బోనస్ వాటా ఏడున్నర రూపాయలు. నలుగురున్న కార్డుకు ఇచ్చే 24 కిలోల్లో సుమారు 180 రూపాయలు రైతు బోనసే. ఆ సొమ్ము రైతును దొడ్డు రకాల నుంచి సన్నాల వైపు తిప్పింది. కానీ కాంటా దగ్గర తరుగు పేరుతో 40 కిలోల సంచికి కిలో అదనంగా తూస్తే, క్వింటాలుకు రెండున్నర కిలోలు పోయినట్టు. బోనస్‌లో 70 రూపాయలకు పైగా అక్కడే కరిగిపోతుంది. బోనస్ నెలల తరబడి ఆలస్యమైతే మరుసటి ఏడు విత్తనం మారిపోతుంది.

అసలు లోపం మరొకటుంది. బీపీటీ 5204, అదే సాంబ మసూరి, కోతకు రావడానికి 145 నుంచి 150 రోజులు. రాజేంద్రనగర్‌లో పుట్టిన ఆర్‌ఎన్‌ఆర్ 15048, అంటే తెలంగాణ సోనా, 120 నుంచి 125 రోజుల్లో వస్తుంది. పాతిక రోజుల తడి మిగులుతుంది, బోరు మోటారు అన్ని రోజులు తక్కువ నడుస్తుంది, నిలవ నీటి నుంచి వచ్చే మీథేన్ తగ్గుతుంది. అగ్గితెగులును కూడా సోనా బాగా తట్టుకుంటుంది. సాంబకు ఆ తెగులుతో పాటు బ్యాక్టీరియా ఎండుతెగులూ బెడదే. అయినా రెండింటికీ బోనస్ ఒకటే. గింజ సన్నదనాన్ని మిల్లీమీటర్లలో కొలిచే సర్కారు, అది తాగిన నీటిని లెక్కలోకి తీసుకోవడం లేదు. 130 రోజుల్లోపు రకాలకు బోనస్‌లో కొంత ఎక్కువ కేటాయిస్తే చాలు, కొత్త పథకం పెట్టే పని ఉండదు.

ఇంటికి తెచ్చుకున్న బియ్యం గురించి ఎక్కువగా వినిపించే మాట అన్నం ముద్దవుతోందని. అది కల్తీ కాదు, కొత్త బియ్యం. కోశాక నాలుగైదు నెలలైనా మాగని బియ్యం నీళ్లు తక్కువ పీలుస్తాయి. గ్లాసుకు రెండు గ్లాసులు పోసే అలవాటు మానుకుని ఒకటిన్నర గ్లాసుతో మొదలుపెట్టండి, లేదా గంజి వార్చండి. నూక చూడాలంటే 100 గ్రాములు తూచి, ముప్పావు గింజ కన్నా చిన్న ముక్కలను వేరు చేయండి. సర్కారు కొనే పచ్చి బియ్యానికి ఇంతకాలం ఉన్న పరిమితి 25 శాతం, కాబట్టి 25 గ్రాములు దాటితే అది ఫిర్యాదు చేయదగ్గ సంచే. గింజ పంటి కింద టక్కున విరగాలి. మెత్తగా నలిగితే తేమ ఎక్కువని అర్థం, 14 శాతం లోపల ఉండాల్సింది. పోషకాలు కలిపిన బియ్యమైతే నూటికి ఒక గింజ రంగు కాస్త తేడాగా ఉండి, కడిగేటప్పుడు తేలొచ్చు. అది ప్లాస్టిక్ కాదు, ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపి బియ్యప్పిండితో చేసిన గింజ. ఏరి పారేయకండి.

పాత బియ్యాన్ని తిప్పి అంటగట్టారో లేదో పట్టే పరీక్ష గోదాముల్లో ఉంది. సూచక ద్రావణం కలిపితే కొత్త బియ్యం ఆకుపచ్చగా, పాతవి పసుపు, నారింజ వైపు తిరుగుతాయి. ప్రతి లాటుకూ ఇది జరిగి, ఫలితం సంచి చీటీ మీద పడాలి.

రేషన్ చక్కెర సంగతికొస్తే ఇంత మంచి మాట చెప్పలేం. అంత్యోదయ కార్డుకు నెలకు కిలో, ధర 13 రూపాయల 50 పైసలు. కేంద్రం ఇచ్చే సబ్సిడీ కిలోకు 18.50, 2013లో లెవీ (మిల్లులు కొంత చక్కెరను సర్కారుకు తక్కువ ధరకు ఇవ్వాలన్న నిబంధన) ఎత్తేసినప్పటి నుంచి అంతే. రెండూ కలిపితే 32 రూపాయలు. బయట మార్కెట్లో ఆ ధరకు చక్కెర దొరకదు, మిగతాది రాష్ట్రమే భరించాలి. షాపులో అంత్యోదయ కార్డులు 37 ఉంటే 50 కిలోల బస్తా విప్పాక 13 కిలోలు మిగులుతాయి. వానాకాలంలో అవి తేమ పట్టి గడ్డ కడతాయి. అందుకే డీలర్లు స్టాకు ఎత్తడానికి వెనకాడతారు, కార్డుదారుకు "ఈ నెల రాలేదు" అన్న జవాబు వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో లాగా అరకిలో ప్యాకెట్లు ఇస్తే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది. 2015లో బోధన్ నిజాం చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక దగ్గరి చెరకు నుంచే కొనడం కష్టమైంది. అయినా టెండర్లలో గింజ సైజు, రంగుతో పాటు మిల్లు దూరానికి, చెరకుకు డ్రిప్ వాడకానికి మార్కులు వేయొచ్చు.

సంచి బాగాలేకపోతే షాపులోనే, వేలిముద్ర వేసి తూకం అయ్యాక బయటికి వెళ్లకముందే చెప్పండి. మూతికి కుట్టిన చీటీలో మిల్లు పేరు, లాటు వివరాలుంటాయి, దాన్ని ఫొటో తీసుకోండి. రేషన్ ఫిర్యాదుల నంబరు 1967కు ఫోన్ చేసి కార్డు నంబరు, షాపు నంబరు, ఆ చీటీ వివరాలు మూడూ చెప్పాలి. చీటీ లేకుండా చేసిన ఫిర్యాదు డీలరు దగ్గరే ఆగిపోతుంది, మిల్లు దాకా వెళ్లదు.